ఇత్తడి నాబ్

"చచ్చిపోయినవాడి అక్కే వచ్చి చంపినవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా సర్వీసులో ఎక్కడా చూడలేదు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, వర్క్‌షాప్ షట్టరు పైకి లేపిస్తూ.

"చంపినవాడి తరఫున కాదు. నువ్వు పట్టుకున్నవాడి తరఫున," అంది డిటెక్టివ్.

డిపార్ట్‌మెంట్‌లో ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడే. ఆమె ఉద్యోగం వదిలేసి సొంత ఆఫీసు పెట్టుకున్న దగ్గర్నుంచీ ఎదురుపడ్డప్పుడల్లా కాలు దువ్వుతాడు. మామూలు రోజుల్లో ఆమె కూడా తగ్గేది కాదు. ఇప్పుడు ఆ మాటలు చెవిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.

తమ్ముడు పోయి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజులూ ఆమె వేళకి లేచింది, పెట్టింది తింది, అడిగినవాళ్ళకి జవాబు చెప్పింది. కన్నీటిచుక్క రాలేదు. గుండె రాయి చేసుకుందని చుట్టాలు మెచ్చుకున్నారు, కొందరు చాటున మూతులు తిప్పుకున్నారు. అసలు సంగతి రెండూ కాదు. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిన కాలుంటుందే, మనదే అని తెలుసు, గిల్లితే మాత్రం తెలియదు, అలా ఉంది ఒళ్ళంతా.

ఆ స్థితిలో ఉండగానే ఆఫీసుకి వచ్చింది గేర్‌బాక్స్ మేస్త్రీ పెళ్ళాం. "నా మొహం చూడబుద్ధి కాదు మీకు, నాకు తెలుసమ్మా. కానీ కారు కడుపులో ఏముందో తెలిసిన డిటెక్టివ్ ఈ ఊళ్ళో మీరు కాక ఇంకెవరు?" అని గుమ్మంలోనే కూలబడింది. ఇప్పుడు కూడా షట్టరు బయట నిలబడి ఉంది, చేతిలో మొగుడి కళ్ళద్దాలు పట్టుకుని. అరెస్టు చేసినప్పుడు పోలీసులు వాటిని పెట్టుకోనివ్వలేదట.

పోలీసు కస్టడీ గడువు ముగిసి, సాయంత్రం నాలుగింటికి మేస్త్రీని మళ్ళీ కోర్టులో హాజరుపరుస్తారు. హత్య కేసు. ఇప్పుడు మూడు కావొస్తోంది.

వర్క్‌షాప్ మధ్యలో కారు ఆ రోజు ఆగినచోటే ఉంది. ముక్కు షట్టరు వైపు, వెనక బంపరు గోడకి జానెడు ఎడంలో. ఆ బంపరుకీ గోడకీ మధ్యే తమ్ముడు దొరికాడు. డిటెక్టివ్ అటు చూసింది. ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"బాబాయ్," అంది మేస్త్రీ వైపు తిరిగి. "ఆ రోజు గొడవ దేనికి?"

బేడీలతో నిలబడ్డ మనిషి ఆమె వైపు కాకుండా బెంచీ మీద మూత తెరిచి ఉన్న పాత గేర్‌బాక్స్ వైపు చూస్తున్నాడు. గేర్ల పళ్ళు అరిగినా విరిగినా ఆయన చేతిలో పడాల్సిందేనని, అందరూ ఆయన్ని పళ్ళ డాక్టర్ అంటారు. ఆ పేరంటే ఆయనకి మహా గర్వం.

"మూతేసి, పట్టా కప్పి పెట్టాను, ఎవడు తీశాడమ్మా? దుమ్ము పడితే పళ్ళన్నీ నాశనం!"

"బాబాయ్. గొడవ."

"ఆఁ, గొడవే," అన్నాడు నిష్ఠూరంగా. "ఎందుకు జరగదు? పాత ఇంజన్ నిమిషానికి ఏడువేల చుట్లు తిరిగేసరికే ఆయాసపడేది. మీ తమ్ముడు తెచ్చిన కొత్తది తొమ్మిది వేలు తిరుగుతుంది. పైగా టర్బో. ఆ తోపుకి పాత బాక్స్ పళ్ళు జొన్నగింజల్లా రాలిపోతాయని నేనే చెప్పాను. అందుకని బాక్స్ కూడా మార్చేశాం. రేసుకార్ల బాక్స్. అక్కడిదాకా బాగానే ఉంది. అందులో రివర్స్ గేర్ పొరపాటున పడకుండా అడ్డుకునే లాక్ ఒకటుంటుంది. దాని స్ప్రింగు విరిగింది. లేతు షాపులో చేయించి తెస్తా, అది బిగించేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దయ్యా అన్నాను. ఊరికే ఒక్కసారి శబ్దం వింటానంటాడు. చిన్నపిల్లాడి మంకుపట్టు! అప్పుడన్నాను."

"ఏమన్నావ్?"

"నీ చావు నువ్వే చస్తావ్, నాకేం, అన్నాను."

"నలుగురు పనివాళ్ళు విన్నారు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పన్నెండున్నరకి ఆ నలుగురూ భోజనానికి వెళ్ళిపోయారు. ఒంటిగంటకి తిరిగొచ్చేసరికి మీ తమ్ముడు గోడకి ఆని ఉన్నాడు. లేతు షాపు ఇక్కడికి పది నిమిషాల దారి. తనూ పన్నెండున్నరకే బయల్దేరానంటున్న ఈయన అక్కడికి చేరింది ఒకటింబావుకి. మధ్యలో ఏం చేశావయ్యా అంటే, కోపం చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాడట. చూసినవాడు ఒక్కడూ లేడు."

"కోపం వస్తే అలాగే కూర్చుంటాను. మా ఇంటిదాన్ని అడగండి!"

"నువ్వాగు బాబాయ్." డిటెక్టివ్ గొంతు పెంచలేదు. "ఇన్‌స్పెక్టర్, ఈయనే అని నీకంత గట్టి నమ్మకం దేనికి? మాటా మాటా అనుకున్నందుకేనా?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. కారు తలుపు తెరిచి, సీటు పక్కనున్న గేర్ రాడ్డు చూపించాడు. రాడ్డు చివర మెరుగు తగ్గిన ఇత్తడి నాబ్. దాని నెత్తిమీద గేర్ల గీతలూ అంకెలూ చెక్కి ఉన్నాయి.

"దీని ప్రకారం ఫస్ట్ ఎక్కడ? ఎడమకి నెట్టి ముందుకి. రివర్స్? కుడి చివరికి లాగి వెనక్కి. అవునా? కానీ ఇది పాత బాక్స్ లెక్క. కొత్త బాక్స్‌లో రివర్స్ ఎడమ ముందు మూల ఉందని మా నిపుణుడు రాసిచ్చాడు. కారు దొరికింది రివర్స్‌లో. తెలియనివాడెవడైనా ఈ గీతలు నమ్మి రివర్స్ వేద్దామనుకుంటే, కుడి చివరికి లాగి వెనక్కి వేస్తాడు. కొత్త బాక్స్‌లో అక్కడుండేది ఐదో గేరు. కారు ముందుకి ఓ కుదుపు కుదిపి ఆగిపోతుంది. సరిగ్గా రివర్స్ పడిందంటే, వేసినవాడికి కొత్త బాక్స్ గుట్టు తెలుసు. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మీ తమ్ముడు. రెండోవాడు ఇదిగో."

ఎంత కాదన్నా తన దగ్గర పని నేర్చినవాడు. లెక్క శుభ్రంగా ఉంది. ఇప్పటిదాకా గేర్‌బాక్స్ గురించి బెంగపడ్డ మేస్త్రీకి అప్పుడే తన మెడ గుర్తొచ్చినట్టుంది, బేడీల చేతుల్ని మెడ దాకా తెచ్చుకున్నాడు.

"బాగుంది," అంది డిటెక్టివ్. "ఒక్కటి ముందే ఖాయం చేసేసుకున్నావ్. ఎక్కినవాడు వెనక్కే వెళ్ళాలనుకున్నాడని."

"వెనకేగా మనిషి ఉన్నది?"

ఆమె కారు చుట్టూ ఒకసారి నడిచింది. నాలుగు టైర్ల దగ్గరా వంగి చూసింది. ఈ షెడ్డులో పెరిగిన పిల్ల ఆమె. ఆగిన కారు దొర్లిపోకుండా టైర్లకి అడ్డం పెట్టే చెక్కదిమ్మల మీద కూర్చునే ఎక్కాలు నేర్చుకుంది.

"దిమ్మలు మొత్తం నాలుగు. ముందు టైర్లవి రెండూ ఎక్కడున్నాయి?"

"ఆ బెంచీ మీద."

"వెనకవి?"

ఇన్‌స్పెక్టర్ చూశాడు. ఒకటి గోడ పక్కన తిరగబడి ఉంది. రెండోది కారు కింద, వెనక టైరుకి ఇప్పుడు ముందువైపున ఉంది. దాని ఏటవాలు మీద నల్లటి రబ్బరు చార పాకినట్టు పడి ఉంది.

"కారు దానిమీదికెక్కి దిగింది," అంది. "వెనక్కి వెళ్ళదలుచుకున్నవాడు వెనకున్న అడ్డం తీయకుండా ముందున్న అడ్డం తీస్తాడా?"

"చంపాలన్న తొందర మేడమ్."

"తొందరున్నవాడు ముందు టైర్ల దిమ్మలు తీసి, బెంచీ దాకా మోసుకెళ్ళి, రెండూ జతగా పెట్టి వచ్చాడా?"

ఇన్‌స్పెక్టర్ బెంచీ దాకా నడిచి, జతగా ఉన్న దిమ్మల్ని చూసి వచ్చాడు. అతని మొహం ఎర్రబడింది.

"ఎక్కినవాడు కారుని ముందుకి, బయటికి తీసుకెళ్ళాలనుకున్నాడు," అంది డిటెక్టివ్, ఎవరిదో కథ చదువుతున్నట్టు. "ఫస్ట్ వేశాననుకున్నాడు. ఎడమకి, ముందుకి. అడ్డుకోవాల్సిన లాక్ లేదు, రివర్స్ పడింది. ఇలాంటి ఇంజన్ తక్కువ చుట్లలో బలం చూపించదు. బాగా రేజ్ చేసి క్లచ్ వదిలితే తప్ప కదలదు. అలాగే వదిలాడు. వెనకున్న మనిషి సంగతి అతనికి తెలియనే తెలియదు. గుట్టు తెలిసినవాడు చేసిన పని కాదిది, తెలియనివాడి పొరపాటు. నీ లెక్క సరిగ్గా తిరగేసుకో."

"వెనక మనిషి ఎందుకున్నాడు మరి?"

జవాబు మేస్త్రీ ఇచ్చాడు, నెమ్మదిగా. "కొత్త ఇంజన్ మొదటిసారి తిరిగేటప్పుడు సైలెన్సరు దగ్గర గొంతుక్కూర్చుని, పొగకి అరచెయ్యి అడ్డంపెట్టి చూస్తాం సార్. దెబ్బ సమంగా తగులుతోందా లేదా అని. అబ్బాయైతే కళ్ళు మూసుకుని మరీ చూసేవాడు."

డిటెక్టివ్ అరచెయ్యి దానంతటదే చొక్కా అంచుకి తుడుచుకుంది.

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పొరపాటే అనుకుందాం. ఎవడిది? పేరు లేకుండా కోర్టుకెళ్ళి, నా లెక్క తిరగబడింది, ఈయన్ని వదిలెయ్యండి అని చెప్పమంటారా? నాలుగింటికి ఈయన పేరే ఇస్తాను. పేరు కావాలి నాకు."

"అరగంట టైమివ్వు. కారెక్కిన మనిషిని నీకు అప్పజెబుతాను."

"మాట?"

"మాటే."

ఆమె మాట ఇస్తే తప్పదని అతనికి తెలుసు. మేస్త్రీ బేడీ ఒకటి విప్పించి కుర్చీ వేయించాడు. పని నేర్పినామె మీద అంతమాత్రం గౌరవం ఇంకా మిగిలే ఉంది.

డిటెక్టివ్ డ్రైవర్ సీట్లో కూర్చుంది. చెయ్యి రాడ్డు మీద పడింది. ఇత్తడి చల్లగా, అరచేతికి అచ్చు పోసినట్టు ఉంది. చిన్నప్పుడు ఈ నాబ్ పట్టుకునే గేర్లు నేర్చుకుంది. తమ్ముడూ అంతే. ఆమె చెయ్యి ఫస్ట్ కోసం ఎడమకి, ముందుకి వెళ్ళింది. ఆ చేతిని అక్కడే ఆపి, చాలాసేపు చూసింది.

"బాబాయ్, కొత్త బాక్స్ బిగించి, పాత గీతలున్న నాబ్ ఎందుకు పెట్టావ్?"

"నేనా?" కుర్చీలోంచి లేచిపోయాడు మేస్త్రీ. "నా పని మీద అంత మాట అనకమ్మాయీ! తప్పుడు గీతలు పెట్టి పంపడానికి నేనేం నిన్నగాక మొన్న పానా పట్టినవాణ్ణా? నల్ల నాబ్ పెట్టాను. దానిమీద కొత్త గీతలన్నీ తెల్ల రంగుతో వేశాను కూడా. నేను లేతు షాపుకి వెళ్ళేటప్పుడు అదే ఉంది, ఒట్టు."

"ఇన్‌స్పెక్టర్, తమ్ముడి జేబుల్లో ఏం దొరికాయి?"

"రుమాలు, సెల్‌ఫోన్, పది నంబరు పానా, నల్ల ప్లాస్టిక్ ఉండ ఒకటి..." ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. జీపులోంచి సంచీ తెప్పించాడు. ఉండ బయటికి తీసి తిప్పాడు. నెత్తిన తెల్ల గీతలున్నాయి.

అంటే నాబ్ మార్చింది తమ్ముడే. మేస్త్రీ అటు వెళ్ళగానే, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు, సరైన నాబ్ ఊడదీసి జేబులో వేసుకుని తప్పుడు నాబ్ బిగించాడు. తనకి గుట్టు తెలుసు, తనకేం ప్రమాదం లేదు. మరి ఎవరి కంట పడకూడదని? గేర్‌బాక్స్ మారిందని ఎవరికి తెలియకూడదని?

డిటెక్టివ్ తల తిప్పి బెంచీ వైపు చూసింది. పాత గేర్‌బాక్స్ పక్కన దిమ్మలు రెండూ జతగా, అంచులు కలిపి ఉన్నాయి. పనివాళ్ళెవరూ దిమ్మల్ని చేత్తో ముట్టుకోరు, కాలితో తన్నేస్తారు. అందుకే ఈ షెడ్డులో రోజుకోసారి ఒకే కేక వినబడేది: కాళ్ళకి తగిలి చస్తారురా, తీసి బెంచీ మీద పెట్టండిరా అని. ఆ కేక వేసే మనిషి మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా పై అంతస్తు దిగడం లేదు. అందరూ అలాగే అనుకుంటున్నారు.

ఆ కారు ఆయనది. ఆ పాత బాక్స్ ఆయన చేత్తో కూర్చింది. ఆ ఇత్తడి నాబ్ లేతు మీద తిప్పి, అంకెలు చెక్కింది ఆయనే. ఇంజన్ మారుస్తామంటే అతికష్టం మీద ఒప్పుకున్నాడు. బాక్స్ జోలికి పోతే చంపేస్తానన్నాడు.

"పైన ఎవరెవరున్నారు?" అంది.

"మీకు తెలియనిదేముంది? పెద్దాయన ఒక్కరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కొడుకు పోయిన షాక్‌లో మాట పడిపోయిందని డాక్టరు రాసిచ్చాడు. ఆయన స్టేట్‌మెంట్ కూడా తీసుకోలేదు." ఆమె మొహం చూసి మళ్ళీ అడిగాడు. "ఏమైంది మేడమ్?"

ఆమె ఇత్తడి నాబ్ మరలు తిప్పి ఊడదీసింది. షెడ్డు వెనకనున్న మెట్లెక్కింది.

తండ్రి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆరు రోజులుగా కూర్చున్నట్టే. ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎంతమందిని ఇలా ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగిందో లెక్కలేదు. మొదటి ప్రశ్న ఏమిటో ఎప్పుడూ వెతుక్కోలేదు. ఇప్పుడు దొరకలేదు. నాబ్ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన వేళ్ళు దాన్ని మూశాయి.

"నాన్నా. ఏ గేర్ వేశావ్?"

కిందనుంచి ఎవరో దగ్గిన శబ్దం వచ్చింది. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాక మాట వచ్చింది, తుప్పు పట్టిన మరలా.

"ఫస్టే."

"ఊఁ."

"ఫస్టే వేశానే. నేను తప్పు వేస్తానా? ఇంజన్ మోత విని దిగాను. షెడ్డులో ఎవ్వరూ లేరు. ఉత్తినే తిరుగుతోంది. ఓసారి బయటికి తీసుకెళ్ళి చూద్దామని... ఫస్ట్ వేశాను. కారు వెనక్కి ఉరికింది." ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. "దిగి చూశాను. మళ్ళీ పైకెలా వచ్చానో నాకు తెలీదు."

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"దేనికి చెప్పడం? పోలీసులు పట్టుకోవలసినవాణ్ణే పట్టుకున్నారుగా!" కళ్ళలో ఒక్కసారిగా నిప్పులు లేచాయి. "వాడు, ఆ పళ్ళ డాక్టర్, ఇంజన్ మార్చేటప్పుడు నా బాక్స్ విప్పి, గేర్లు తిరగేసి బిగించాడు. ఫస్ట్ ఉండాల్సిన చోట రివర్స్ పెట్టాడు. నా చేత్తో నా కొడుకుని చంపించాడు. వాణ్ణి వదలకు. నువ్వు నా కూతురివైతే వాణ్ణి వదలకు."

ఇదన్నమాట ఆరు రోజుల మౌనం. భయం కాదు, షాక్ కాదు. శిక్ష సరైనవాడికే పడుతోందని ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు. ఇప్పుడామె కూడా నోరు మూసుకుని దిగిపోతే, ఆ నమ్మకంతోనే ఆయన బతికినన్నాళ్ళూ బతుకుతాడు. కింద కళ్ళద్దాలు పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. మాటిచ్చిన అరగంట గుర్తొచ్చింది.

"బాబాయ్ తిరగేయలేదు నాన్నా," అంది. "నీ బాక్స్ కింద బెంచీ మీద ఉంది, ఆ రోజు పట్టా కింద నీకు కనబడలేదు. కారులో ఉన్నది రేసు బాక్స్. కొత్త ఇంజన్‌కి నీది ఆగదని మార్చేశారు. నువ్వు బాధపడతావని తమ్ముడు నీకు చెప్పలేదు. నువ్వు చూసినా పోల్చుకోకూడదని వాడే ఈ నాబ్ పెట్టాడు."

ఆయన నాబ్ వైపు చూశాడు. ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు, ఆయన కారు నడిపినవాడు మాత్రమే కాదు, కట్టినవాడు. నాబ్ పట్టుకున్న చెయ్యి గాలిలో ఎడమకి, ముందుకి వెళ్ళింది. ఆగింది. తర్వాత ఎడమకి, వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకి. మళ్ళీ వెనక్కి.

"తిట్టేవాణ్ణి," అన్నాడు చివరికి. "చెప్పుంటే తిట్టేవాణ్ణి. రెండ్రోజులు అన్నం మానేసేవాణ్ణి. అంతేగా. అంతకంటే ఏం చేసేవాణ్ణే నేను?"

డిటెక్టివ్ ఆయన చెయ్యి పట్టుకుంది. తిమ్మిరి వదిలేటప్పుడు మొదట వేళ్ళ కొసల్లో సూదులు గుచ్చినట్టవుతుంది. అలా అయింది ఆమెకి. ఆరు రోజులు పట్టింది తమ్ముడు చచ్చిపోయాడని ఒంటికి తెలియడానికి. ఇంకా ఏడుపు రాలేదు, కానీ నొప్పి వచ్చింది, పళ్ళు బిగబట్టుకోవలసినంత.

మెట్ల కిందనుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపించింది. "మేడమ్, అరగంటైంది. ఈయన్ని కోర్టుకి తీసుకెళ్ళమంటారా, వద్దా?"

ఆమె లేవలేకపోయింది.

తండ్రి నాబ్‌ని చొక్కా జేబులో వేసుకుని, కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. రెండేళ్ళుగా మెట్లు దిగడని అందరూ అనుకునే మనిషి, తలుపు దాకా నడిచి గోడ పట్టుకున్నాడు.

"ఆ పళ్ళ డాక్టర్‌ని ఇంటికి పంపెయ్యమను," అన్నాడు. "నేను దిగుతున్నానని చెప్పు."